నాన్న కారు పాతదా, క్లాసిక్కా?

పేరు, ఊరు బయటపెట్టవద్దని కోరిన ఒక పాఠకురాలు రాసిన పెద్ద ఉత్తరంలోని ముఖ్యమైన సంగతులు ఇవి.

ఆమె నాన్నగారు రెండేళ్ల క్రితం కాలం చేశారు. ఆయన వదిలి వెళ్లినవాటిలో 1984 మోడల్ మెర్సిడెస్ 240 డి ఒకటి. డీజిల్ కారు, లేత దంతపు రంగు. వేరొకరి దగ్గర కొన్నదే అయినా ముప్పై ఏళ్లకు పైగా ఆయన చేతిలోనే ఉంది. ఆయిల్ ఎప్పుడు మార్చిందీ, బ్రేకులు ఎన్ని కిలోమీటర్ల దగ్గర చేయించిందీ ఒక నోటు పుస్తకంలో రాసి గ్లవ్ బాక్సులో పెట్టేవారట. ‘ఒక్కోసారి తాళం తీసేసినా ఇంజిన్ ఆగదు. అప్పుడు నాన్న దిగి బానెట్ ఎత్తి, స్టాప్ అని రాసి ఉన్న చిన్న మీటను నొక్కేవారు. ఇప్పుడు నేనూ అదే చేస్తున్నాను’ అని రాశారు.

ఇంట్లో ముగ్గురిదీ తలో మాట. ‘పాత ఇనుము, తుక్కుకిచ్చేసి వచ్చింది పంచుకుందాం’ అంటాడు అన్నయ్య. తమ్ముడేమో ఇంజిన్ తీసేసి కొత్తది పెట్టాలని, ఏసీ బిగించాలని, పెద్ద చక్రాలు వేయాలని, ‘టాక్సీలా ఉన్న ఈ రంగు’ మార్చి నలుపు కొట్టించాలని పట్టుబడుతున్నాడు. ఈమధ్య ఎలక్ట్రిక్ మోటారు మాట కూడా ఎత్తుతున్నాడు. ఆమెకు కారు ఉన్నది ఉన్నట్టే ఉండాలి. వారంలో మూడు నాలుగు రోజులు ఆఫీసుకు దాన్లోనే వెళ్తారు. భర్తకు వేరే కారు ఉంది.

కొన్ని నెలల క్రితం ఆగి ఉన్న కారును ఎవరో రివర్స్ చేస్తూ గుద్దారు. వెనక తలుపు, దాని పక్క రేకు లోపలికి పోయాయి. ఇన్సూరెన్స్ తరఫున వచ్చిన సర్వేయర్ చూసి, బాగుచేసే ఖర్చు కారు విలువను మించిపోతుంది, టోటల్ లాస్ రాస్తాను, డబ్బు తీసుకుని కారు వదిలేయండి అన్నాడు. ఆమె హడలిపోయి క్లెయిమ్ వెనక్కి తీసుకుని, సొంత డబ్బుతో బాగుచేయించారు. ఆ తర్వాత పాత కార్ల ప్రదర్శనలో కలిసిన ఒక పెద్దమనిషి, ‘ఇది క్లాసిక్ కారమ్మా, దీనికి ఇన్సూరెన్స్ వేరే ఉంటుంది, ఒక్క బోల్టు కూడా మార్చకండి’ అన్నారట.

‘ఇది నిజంగా క్లాసిక్కేనా? లేక నాన్న మీద ప్రేమతో నేనే అలా అనుకుంటున్నానా? క్లాసిక్ అయితే ఇన్సూరెన్స్ ఎలా చేయించాలి? అన్నదమ్ములకు ఏం చెప్పాలి? రోడ్డు మీద ఎవరైనా దగ్గరగా వస్తే చాలు, టెన్షన్‌తో చేతులు చెమటలు పడుతున్నాయి’ అని అడిగారు.

అమ్మా,

మీ ఉత్తరంలో అలవోకగా రాసేసిన ఒక వాక్యం నన్ను ఆపేసింది. ‘రెన్యువల్ మెసేజ్ ఇప్పటికీ నాన్న పేరు మీదే వస్తుంది, నేను ఫోన్‌లో కట్టేస్తున్నాను’ అన్నారు. కారు క్లాసిక్కా కాదా అన్నది తర్వాత చూద్దాం, ముందు ఈ పని తేల్చుకోండి. పాలసీ అంటే కంపెనీకీ యజమానికీ మధ్య ఒప్పందం. యజమానే లేనప్పుడు మీరు ప్రీమియం ఎంత సక్రమంగా కట్టినా, క్లెయిమ్ రోజున అది ఆదుకుంటుందన్న భరోసా లేదు. యజమాని పోయాక వారసులు కాగితాలు మార్పించుకోవడానికి కొంత గడువు ఉంటుంది. అది దేశాన్నిబట్టి, పాలసీనిబట్టి మారుతుంది. భారతదేశంలో మామూలు కారు పాలసీ ప్రకారం అయితే యజమాని చనిపోయిన రోజు నుంచి 3 నెలలు, లేదా పాలసీ గడువు తీరేవరకు, ఏది ముందైతే అంతవరకే. మీకు రెండేళ్లు దాటింది.

మొన్న మీ కారును వేరేవాళ్లు గుద్దారు, రేకు సొట్టతో పోయింది. అదే మీ కారు వెళ్లి ఒక మనిషికి తగిలి ఉంటే? ఆ నష్టపరిహారం భారం మీ ఇంటిమీద పడే ప్రమాదం ఉంది. అందుకే గట్టిగా చెబుతున్నాను: కారు కాగితాలు, ఇన్సూరెన్స్ బతికున్నవారి పేరు మీదకు మారేదాకా దాన్ని రోడ్డెక్కించకండి. ఎవరి పేరు మీదకు మార్చాలన్న ప్రశ్న రాగానే అమ్మగారు, అన్నయ్య, తమ్ముడు అందరూ కూర్చుని మాట్లాడుకోక తప్పదు. మీరు ఇన్నాళ్లూ వాయిదా వేస్తున్నది ఆ మాటల్నేనని నాకనిపిస్తోంది.

ఇక క్లాసిక్ సంగతి. దీనికి ప్రపంచమంతటికీ ఒకే కొలత లేదు. పన్ను వేసే ప్రభుత్వం ఒకలా కొలుస్తుంది, అభిమానుల క్లబ్బు ఇంకోలా, ఇన్సూరెన్స్ కంపెనీ మరోలా. ఎవరి అవసరం వారిది. మీరు ఏ దేశంలో ఉంటున్నదీ రాయలేదు కాబట్టి నాలుగైదు చోట్ల పద్ధతులు చెబుతాను.

పాత వాహనాల క్లబ్బులకు అంతర్జాతీయ సమాఖ్య ఒకటి ఉంది, ఫీవా అంటారు. 1966 నుంచి పనిచేస్తోంది. దాని లెక్కలో చారిత్రక వాహనం అనిపించుకోవాలంటే కనీసం 30 ఏళ్ల వయసుండాలి, తయారైన కాలానికి తగ్గ రూపంలోనే కాపాడుతూ ఉండాలి, రోజువారీ రాకపోకల బండిగా వాడకూడదు, మన సాంకేతిక, సాంస్కృతిక వారసత్వంలో భాగమై ఉండాలి. మీ కారు వయసులో నెగ్గుతుంది, రూపంలో నెగ్గుతుంది. ఆగిపోయేది మీ ఆఫీసు ప్రయాణం దగ్గరే. లోపం కారులో లేదు, వాడకంలో ఉంది. ఈ తేడాను గుర్తుపెట్టుకోండి, ఇన్సూరెన్స్ దగ్గరా ఇదే ఎదురవుతుంది.

జర్మనీలో 30 ఏళ్లు నిండిన కారును నిపుణుడు పరీక్షించి, అసలు రూపంలో ఉందని, మంచి స్థితిలో ఉందని సంతృప్తి పడితే నంబరు చివర హెచ్ అక్షరం ఇస్తారు. ఆ కారును రోజూ నడుపుకున్నా అభ్యంతరం లేదు. బ్రిటన్‌లో 40 ఏళ్లు దాటిన కారుకు వాహన పన్ను మినహాయింపు ఉంది. 2018 మే నుంచి ఏటా చేయించే ఫిట్‌నెస్ పరీక్ష కూడా అక్కర్లేదు, అయితే గత 30 ఏళ్లలో పెద్ద మార్పులేవీ చేసి ఉండకూడదు. అమెరికాలో రాష్ట్రానికో నిబంధన, 25 ఏళ్లన్నది ఎక్కువగా వినిపించే గీత. అక్కడి పాత క్లబ్బుల్లో ఒకటి 1915 నుంచి 1948 వరకు వచ్చిన కొన్ని ప్రత్యేకమైన కార్లనే పూర్తి క్లాసిక్కులుగా గుర్తిస్తుంది. ఆ క్లబ్బు లెక్కలో మీ కారుకు వందేళ్లు వచ్చినా క్లాసిక్ కాదు.

భారతదేశంలో గీత చాలా దూరం. 2021లో వచ్చిన నిబంధనల ప్రకారం వింటేజ్ వాహనంగా రిజిస్టర్ కావాలంటే మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు నిండాలి, ఛాసిస్, బాడీ, ఇంజిన్ పెద్దగా మార్చి ఉండకూడదు, రోజువారీ పనులకో వ్యాపారానికో తిప్పకూడదు. అదే దేశంలో 2002 నాటి మోటార్ టారిఫ్, అంటే వాహన ఇన్సూరెన్స్ నిబంధనల పుస్తకం అయితే 1940 డిసెంబర్ 31కి ముందు తయారై, వింటేజ్ అండ్ క్లాసిక్ కార్ క్లబ్ ఆఫ్ ఇండియా ధ్రువీకరించిన కార్లనే వింటేజ్ అంది. ముందే ఒప్పుకున్న విలువతో పాలసీ ఇవ్వడానికి అనుమతించింది కూడా వాటికే. ఒకే దేశంలో రిజిస్ట్రేషన్‌కు ఒక గీత, ఇన్సూరెన్స్‌కు ఇంకో గీత. కాబట్టి ప్రదర్శనలో ఒకరు క్లాసిక్ అన్నారనో, ఏజెంటు కాదన్నాడనో మీరు పొంగిపోవద్దు, కుంగిపోవద్దు. ఎవరు, దేనికోసం కొలుస్తున్నారని అడగండి.

వయసును పక్కనపెట్టి కారునే చూద్దాం. మీ 240 డి వచ్చిన 123 సిరీస్‌ను 1975 చివరి నుంచి 1986 మొదటి వరకు తయారుచేశారు. మొత్తం దాదాపు 27 లక్షల కార్లు బయటికొచ్చాయి. అందుకని ‘ఇది అరుదైన కారు’ అన్న వాదన అన్నయ్య ముందు పెట్టకండి, నిలబడదు. నిజానికి అరుదుతనానికి మనం ఇవ్వాల్సినదానికన్నా ఎక్కువ విలువ ఇస్తుంటాం. ఎవరికీ నచ్చక తక్కువ అమ్ముడైన కార్లూ అరుదే, వాటికోసం ఎవరూ వెతకరు. ఈ సిరీస్‌ను జనం దాచుకుంటున్నది దాని మన్నికకోసం, ఒక కాలపు ఇంజినీరింగ్ ఎలా ఉండేదో కళ్లకు కట్టినట్టు చూపిస్తుంది కాబట్టి. తమ్ముడు చీదరించుకునే ఆ రంగు కూడా ఆ చరిత్రలోదే. 1971 నుంచి జర్మనీలో టాక్సీలన్నీ లేత దంతపు రంగులోనే ఉండాలన్న నిబంధన ఉండేది. ఈ సిరీస్ డీజిల్ కార్లు వేలకు వేలు ఆ రంగులో టాక్సీలుగా తిరిగాయి. మీ కారు టాక్సీగా తిరిగిందని కాదు. ఆ మోడల్‌ను తలచుకోగానే చాలామందికి కళ్లముందు మెదిలే రంగు అదేనంటున్నాను. అది ఫ్యాక్టరీ నుంచే వచ్చిన రంగైతే దాన్ని కప్పేయడమంటే విలువను చేజేతులా తగ్గించుకోవడమే.

ఫ్యాక్టరీ రంగో కాదో తెలుసుకోవడం కష్టమేమీ కాదు. బానెట్ ఎత్తితే ముందువైపు రేడియేటర్ పైన ఉండే అడ్డపట్టీ మీద చిన్న లోహపు పలకలు ఉంటాయి, రంగు నంబరు వాటిమీద ఉంటుంది. ఇంజిన్ వెనక, డ్రైవరు కాళ్లకు అవతల ఉండే అడ్డగోడ పైభాగాన ఛాసిస్ నంబరు చెక్కి ఉంటుంది. అది రిజిస్ట్రేషన్ కాగితంలోని నంబరుతో అక్షరం పొల్లుపోకుండా కలవాలి. ఆ నంబరు పంపితే, కారు ఏ రంగుతో, ఏ ఇంజిన్‌తో, ఏయే అదనపు సదుపాయాలతో ఫ్యాక్టరీ వదిలిందో చెప్పే డేటా కార్డు నకలును తయారీ సంస్థ పాత కార్ల విభాగం నుంచి సంపాదించవచ్చు. ఆ కార్డు, నాన్నగారి నోటు పుస్తకం, పాత బిల్లులు పక్కపక్కన పెట్టండి. వాటిని చూశాక ఏ మదింపుదారుడూ దీన్ని ఉత్త పాత బండి అనలేడు. ప్రేమతో అనుకుంటున్నానేమో అని మీరు అనుమానపడ్డారు చూడండి, ప్రేమకు ఏ కంపెనీ విలువ కట్టదు. కానీ ఆ ప్రేమతో నాన్నగారు ముప్పై ఏళ్లు రాసిన లెక్కలకు మాత్రం కడుతుంది. మీరు అనుకుంటున్నది సరైనదే.

సర్వేయర్ మాటకు మీరెందుకు హడలిపోయారో నాకు అర్థమైంది. అయితే ఆయన అన్యాయంగా ఏమీ అనలేదు, మీ పాలసీలో రాసి ఉన్నదే అన్నాడు. మామూలు పాలసీ కారు విలువను ఏటేటా తగ్గించుకుంటూ పోతుంది. నలభై ఏళ్ల కారు దగ్గరికి వచ్చేసరికి కాగితం మీద మిగిలేది నామమాత్రమే. ఆ మిగిలిన విలువ 100 అనుకోండి. తలుపు, రేకు, రంగు కలిపి ఖర్చు 80 అయితే, చాలాచోట్ల కంపెనీ ఇక బాగుచేయించదు, మొత్తం నష్టం కింద కట్టేసి చేతులు దులుపుకుంటుంది. భారతదేశంలో ఈ గీత 75 శాతం దగ్గర ఉంటుంది, ఇతర చోట్ల వేరు. అంటే ఆరోగ్యంగా నడిచే కారు, ఒక్క సొట్టతో కాగితాల్లో చచ్చిపోయినట్టే. ఆ చిన్న సొట్ట మిమ్మల్ని అంత దూరం తీసుకెళ్లింది కారు పాడైపోయి కాదు, విలువ తప్పుగా రాసి ఉండటం వల్ల.

దీనికి మందు ముందే ఒప్పుకున్న విలువతో తీసుకునే పాలసీ. ఏజెంట్లు అగ్రీడ్ వాల్యూ అంటారు. కారును నిపుణుడితో మదింపు చేయించి, ఫొటోలు, కాగితాలు ఇస్తే, విలువ ఇంత అని కంపెనీ, మీరు ఇద్దరూ సంతకం పెడతారు. కారు పూర్తిగా పోయిన రోజున తరుగు లెక్కలు లేకుండా ఆ మొత్తం ఇవ్వాలి. ఇక్కడ ఒక ఉచ్చు ఉంది, చాలామంది అందులో పడతారు. కొన్ని పాలసీల్లో మీరు చెప్పిన విలువను కాగితం మీద రాసుకుంటారు, ప్రీమియమూ దాన్నిబట్టే తీసుకుంటారు, కానీ క్లెయిమ్ సమయంలో ఆ విలువ, అప్పటి మార్కెట్ విలువ, ఈ రెండింట్లో ఏది తక్కువైతే అదే ఇస్తామని లోపల రాసి ఉంటుంది. దాన్ని స్టేటెడ్ వాల్యూ అంటారు. పేర్లు దగ్గరగా ఉంటాయి, ఫలితం పూర్తిగా వేరు. ‘ఏది తక్కువైతే అది’ అన్న మాట పాలసీలో ఎక్కడైనా ఉందేమో వెతికి చూసుకోండి.

ఒప్పుకున్న విలువ కూడా శాశ్వతం కాదు. ఈ కార్ల ధరలు మారుతుంటాయి, రెండు మూడేళ్లకోసారి మదింపు మళ్లీ చేయించకపోతే మళ్లీ తక్కువ విలువ దగ్గరే చిక్కుకుంటారు. ఇంకో సంగతి, టోటల్ లాస్ అయినా ఆ కారును తిరిగి మీరే ఉంచుకునే హక్కు ఉందో లేదో అడగండి. మీలాంటి వారికి డబ్బుకన్నా అదే ముఖ్యం.

క్లాసిక్ పాలసీలు ఇచ్చే కంపెనీలు వయసు గీతను ఎవరికివారే గీసుకుంటాయి. 15 ఏళ్లకే తీసుకునేవి ఉన్నాయి, 25 దాటితేగానీ చూడనివీ ఉన్నాయి. కొన్ని దేశాల్లో ఇలాంటి పాలసీ మీ కారు వయసుకు అసలు దొరకకపోవచ్చు కూడా. అలాంటి చోట మామూలు పాలసీలోనే విలువను మాట్లాడి పెంచుకునే వీలు ఉంటుందేమో చూడాలి. భారతదేశంలో 5 ఏళ్లు దాటిన కారు విలువను తరుగు పట్టిక ప్రకారం కాకుండా కంపెనీ, యజమాని మాట్లాడుకుని నిర్ణయించుకోవచ్చని ఉంది. చాలామంది ఆ మాట అడగరు, ఫోన్‌లో కనిపించిన అంకెకు సరే అని నొక్కేస్తారు.

ఇలాంటి పాలసీ తక్కువ ప్రీమియానికే దొరకడం మామూలే, దానికి కారణం కంపెనీ దాతృత్వం కాదు. కారు తక్కువ తిరుగుతుంది, రాత్రిళ్లు తాళం వేసిన చోట ఉంటుంది, యజమాని కంటికి రెప్పలా చూసుకుంటాడు అన్న నమ్మకం. ఆ నమ్మకాన్నే షరతులుగా రాస్తారు: ఇంట్లో రోజువారీ వాడకానికి వేరే కారు ఉండాలి, ఏడాదికి ఇన్ని కిలోమీటర్లు దాటకూడదు, గ్యారేజీ ఉండాలి, అద్దెకు తిప్పకూడదు, పందేలకు తీసుకెళ్లకూడదు. బంధువుల పెళ్లికి డబ్బు తీసుకుని పంపినా అది అద్దె కిందికే వస్తుంది. మీ భర్తకు కారు ఉంది కాబట్టి మొదటి షరతు తీరవచ్చు. అయితే కొన్ని కంపెనీలు నడిపే ప్రతి ఒక్కరికీ విడిగా కారు ఉండాలంటాయి. ఇక ఆఫీసు ప్రయాణం. దాన్ని దాచిపెట్టి క్లాసిక్ పాలసీ తీసుకున్నారనుకోండి, ఆఫీసు పార్కింగ్‌లో జరిగిన చిన్న ప్రమాదంతోనే మొత్తం బయటపడుతుంది, క్లెయిమ్ కొట్టేస్తారు. దాచకండి. కొంచెం ఎక్కువ ప్రీమియంతో పరిమితంగా ఆఫీసు వాడకాన్ని ఒప్పుకునే కంపెనీలూ ఉంటాయి.

అందుకే నామాట ఏమిటంటే, పాలసీ వెతకడానికి ముందు ఈ కారుతో మీరు ఎలా బతకాలనుకుంటున్నారో నిర్ణయించుకోండి. పేరు, పాలసీ దాని వెంట వస్తాయి.

రోజూ నడపడమే మీకు ఆనందమైతే, అది తప్పు కాదు. ఇర్వ్ గోర్డన్ అనే అమెరికన్ ఉపాధ్యాయుడు 1966 వోల్వో పి 1800ను కొన్న నాటి నుంచి నడుపుతూనే ఉన్నారు, 30 లక్షల మైళ్లు దాటించారు, గిన్నిస్ రికార్డు కెక్కారు. 2018లో ఆయన పోయేనాటికి ఆ కారు ఎన్నో ప్రదర్శనల్లో జనం ఎగబడి చూసే కారు. మీ డీజిల్ ఇంజిన్ కూడా తిరగడానికే పుట్టింది. నెలల తరబడి కదలకుండా ఉంటే రబ్బరు సీళ్లు ఎండిపోతాయి, బ్రేకులు పట్టేస్తాయి. అయితే ఈ దారిలో మీకు దక్కేది మామూలు పాలసీ, తక్కువ విలువ, ఎవరో గుద్దితే మళ్లీ అదే సర్వేయర్, అదే మాట. విడిభాగాల అరుగుదల కూడా ఉంటుంది. ఆ టెన్షన్ భరించగలరా అన్నది మీరే చెప్పాలి. భరించలేకపోతున్నారని మీ ఉత్తరమే చెబుతోంది.

ఆఫీసుకు మామూలు కారు, ఆదివారం పూట, పండగలకు, దూర ప్రయాణాలకు ఇది అనుకుంటే, క్లాసిక్ పాలసీ దొరికే అవకాశం ఎక్కువ. చేతులకు చెమటలు తగ్గుతాయి. కానీ మీరు పోగొట్టుకునేది ఒకటుంది: ఉదయం పూట ఆ సీట్లో కూర్చుని, డీజిల్ ఇంజిన్‌ను ముందుగా వేడిచేసే గ్లో ప్లగ్ దీపం ఆరేదాకా ఆగి, ఇంజిన్ స్టార్ట్ చేసే క్షణం. నాన్నగారితో మీకు రోజూ జరిగే పలకరింపు అదేనేమో. దాన్ని వారానికి ఒకసారికి కుదించుకోవడం మీకు చిన్న సంగతి కాకపోవచ్చు. తొందరపడకండి.

తమ్ముడి దారిని నేను పూర్తిగా కొట్టిపారేయను. అతనికీ ఆ కారు మీద ఇష్టం ఉంది, అన్నయ్యలా వద్దనడం లేదు. కానీ ఇంజిన్ మారిస్తే రిజిస్ట్రేషన్ మార్చాలి, చారిత్రక వాహనం అనే వాదన చాలాచోట్ల అక్కడితో ముగుస్తుంది, ఇన్సూరెన్స్ మార్పులు చేసిన కారు కిందికి వెళ్తుంది. మార్పులు చెప్పకుండా పాలసీ తీసుకుంటే క్లెయిమ్ నిలవదు. ఎలక్ట్రిక్ మోటారు పెట్టిన వాహనాన్ని చారిత్రక వాహనంగా తాము పరిగణించబోమని ఫీవా స్పష్టంగానే చెప్పింది. పైగా అతను ఇంజిన్ మార్చాలనడానికి ముఖ్యకారణం తాళం తీసినా అది ఆగకపోవడమైతే, ఆ జబ్బు ఇంజిన్‌ది కానే కాదు. ఈ డీజిల్ కార్లలో తాళం తిప్పినప్పుడు ఇంజిన్‌ను ఆపేది వ్యాక్యూమ్. సన్నని గొట్టాల్లో గాలి పీల్చే శక్తి వెళ్లి ఇంధన పంపును ఆపుతుంది. ఆ గొట్టంలో పగులో, పంపు దగ్గరి రబ్బరు పొరలో చిల్లో ఉంటే ఆపే శక్తి చాలదు. తలుపుల సెంట్రల్ లాకింగ్ ఉంటే అదీ వ్యాక్యూమ్ మీదే పనిచేస్తుంది కాబట్టి కారుతున్నది తలుపుల వైపు కూడా కావచ్చు. ఈ కార్లు తెలిసిన మెకానిక్ చేతిపంపుతో ఒక్కో గొట్టం పరీక్షించి పట్టేస్తాడు. ఇంజిన్ మార్చే ఖర్చులో ఇది ఆవగింజంత కూడా కాదు. తమ్ముణ్ని పక్కన కూర్చోబెట్టుకుని ఆ పని చేయించండి.

ఏసీ విషయంలో అతని మాట వినొచ్చు. ఆ రోజుల్లోనే ఈ సిరీస్‌కు ఏసీ అదనపు సదుపాయంగా వచ్చేది, అదే రకం బిగిస్తే కాలానికి తగినట్టే ఉంటుంది. చక్రాలు మార్చినా పాతవాటిని అటక మీద దాచండి. రేపు మళ్లీ పాత స్థితికి తేగలిగే మార్పు ఏదైనా మాట్లాడుకోదగ్గదే. కోయడం, వెల్డింగ్ చేయడం, రంగు మార్చడం మాత్రం వద్దు. తీసిన ప్రతి భాగానికీ చీటీ కట్టి పెట్టె‌లో పెట్టే బాధ్యత తమ్ముడికే అప్పగించండి.

‘ఒక్క బోల్టు కూడా మార్చకండి’ అన్న పెద్దమనిషి అభిమానంతో అన్నారు గానీ, ఆ మాట అక్షరాలా పాటిస్తే ప్రాణం మీదికి వస్తుంది. బ్రేకు గొట్టాలు, టైర్లు, సీటు బెల్టులు కాలంతో పాడైపోతాయి. టైరు మీద గాడి బాగానే కనిపిస్తున్నా పదేళ్లు దాటిన రబ్బరు గట్టిపడి తడి రోడ్డు మీద పట్టు ఇవ్వదు. ఇవి మార్చితే కారు క్లాసిక్ కాకుండా పోదు. తుప్పును కూడా వదలకండి: జాకీ పెట్టే చోట్లు, చక్రాల పైన ఉండే వంపులు, బ్యాటరీ కింద ఉండే పళ్లెం, డిక్కీలో స్టెప్నీ పెట్టే గుంత, ఇవి ఈ మోడల్‌లో ముందు తినేసే చోట్లు. మొన్న బాగుచేయించిన వెనక రేకు మీద ఒక అయస్కాంతాన్ని గుడ్డలో చుట్టి ఆనించి చూడండి. పక్క రేకు మీద పట్టినంత గట్టిగా పట్టకపోతే లోపల లప్పం మందంగా నింపారన్నమాట. మదింపుకు వచ్చే మనిషి ఆ పని తప్పకుండా చేస్తాడు, మీరే ముందు తెలుసుకుని ఉండటం మంచిది.

అన్నయ్య దగ్గర వాదన కన్నా కాగితం బాగా పనిచేస్తుంది. ఆయన దృష్టిలో అది డబ్బు, పంపకం. అందులో తప్పులేదు, ఆస్తిలో ఆయనకూ వాటా ఉంది. ఒక మదింపు పత్రం చేయించి ముందు పెడితే రెండు సంగతులు జరుగుతాయి. తుక్కు ధరకూ ఈ కారు ధరకూ ఎంత తేడా ఉందో ఆయనకే తెలుస్తుంది. మీరు ఆయన వాటా కొనుక్కోదలిస్తే ఎంత ఇవ్వాలో కూడా తేలుతుంది. ఇన్సూరెన్స్ కోసం ఇచ్చే విలువ, అమ్మితే చేతికొచ్చే విలువ ఒకటి కావు, మొదటిది సాధారణంగా ఎక్కువగా ఉంటుంది. అందుకని మదింపుదారుణ్ని రెండూ విడివిడిగా రాయమనండి, లేకపోతే మీరు ఎక్కువ చెల్లిస్తారు. కాగితాలు మీ పేరు మీదకు వస్తే ఖర్చులన్నీ మీవే అని కూడా ముందే అనుకోండి. ముగ్గురి కారు, ఒకరి ఖర్చు అన్న పద్ధతి ఎక్కువ కాలం సాగదు, చివరికి అమ్మగారికి బాధ.

అమ్మడమే కుదిరినా తుక్కుకు మాత్రం ఇవ్వకండి. నాన్నగారి నోటు పుస్తకంతో సహా ఈ మోడల్‌ను ఇష్టపడే మనిషికి అమ్మవచ్చు. ఆ పుస్తకాన్ని ఉంచుకోవాలనిపిస్తుంది, సహజం. ప్రతి పేజీ ఫొటో తీసుకుని అసలుది కారుతోనే పంపండి. కారు విలువలో అది కూడా ఒక భాగం.

ఈ వారంలో చేయగలిగిన పని ఒకటుంది. కారును పగటి వెలుతురులో బయట పెట్టి నాలుగు మూలల నుంచి, లోపల, బానెట్ కింద, కింది భాగం, ఛాసిస్ నంబరు, మీటరు రీడింగు ఫొటోలు తీయండి. వెనక తలుపు బాగుచేయించిన బిల్లు వెతకండి. పేరు మార్పు అయ్యాక కనీసం రెండు మూడు కంపెనీలకు ఒకే మెయిల్ పంపండి: ఈ వయసు కారుకు ముందే ఒప్పుకున్న విలువతో పాలసీ ఇస్తారా, ఆఫీసు ప్రయాణాన్ని ఒప్పుకుంటారా, ఏడాదికి ఎన్ని కిలోమీటర్లు, బాగుచేసే చోటును నేనే ఎంచుకోవచ్చా, టోటల్ లాస్ అయితే కారును నేనే ఉంచుకోవచ్చా అని. జవాబులు ఫోన్‌లో కాకుండా రాతపూర్వకంగానే తీసుకోండి. అవి చేతికొచ్చాక కూడా ఏ దారి పట్టాలో తేలకపోతే మళ్లీ రాయండి. ఈసారి ఏ దేశంలో ఉన్నదీ రాయండి, డేటా కార్డు నకలు వస్తే అదీ జతచేయండి.